తెనాలి చెంపదెబ్బ గంటల్లో బయటికొచ్చింది, మాచర్ల వీడియోకు ఎనిమిది రోజులు ఎందుకు పట్టింది?

#1 పులిచింతల

పక్క చర్చలో ఒకాయన "సోషల్ మీడియా వచ్చాక నాయకుల ఆటలు సాగడం లేదు, ప్రతివాడి చేతిలో కెమెరా ఉంది" అని రాశారు. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం కోసమే ఇది మొదలుపెడుతున్నా.

2024 మే 13న ఆంధ్రలో అసెంబ్లీకీ, లోక్‌సభకూ ఒకేసారి పోలింగ్ జరిగింది. ఆ రోజు జరిగిన రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి తెనాలి. ఓటు వేయడానికి వచ్చిన అప్పటి వైసీపీ ఎమ్మెల్యే అన్నాబత్తుని శివకుమార్ క్యూలో రావడం లేదని ఒక ఓటరు అడ్డు చెప్పాడు. ఎమ్మెల్యే చెంప మీద కొట్టారు. ఓటరు అక్కడికక్కడే తిరిగి కొట్టాడు. వెంటనే అనుచరులు అతని మీద పడ్డారు. అక్కడున్నవాళ్ళు తీసిన ఆ కొద్ది సెకన్ల వీడియో మధ్యాహ్నానికల్లా దేశమంతా తిరిగింది. పోలింగ్ అయ్యేదాకా ఎమ్మెల్యేని గృహ నిర్బంధంలో ఉంచమని ఈసీ చెప్పింది. కేసు నమోదైంది. ఓటరే తనను దూషించాడని ఎమ్మెల్యే వివరణ ఇచ్చుకున్నారు.

రెండోది మాచర్ల నియోజకవర్గం, రెంటచింతల మండలం పాల్వాయి గేటు, 202వ నంబరు పోలింగ్ కేంద్రం. అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి అనుచరులతో లోపలికి వచ్చి, నేరుగా ఓటు వేసే చోటికి వెళ్ళి, యంత్రం ఎత్తి నేలకేసి కొట్టడం అక్కడి వీడియోలో కనిపిస్తుంది. అడ్డు వచ్చిన ఏజెంటు మీద దాడి జరిగింది. ఇదంతా తీసింది ఎవరి ఫోనో కాదు, ఎన్నికల సంఘం పెట్టిన వెబ్ కెమెరా. అయినా జనం చూసింది మే 21న, నారా లోకేశ్ ఎక్స్‌లో పెట్టాక.

సర్కారు కెమెరాలో పడ్డదానికి ఎనిమిది రోజులు, దారినపోయేవాడి కెమెరాలో పడ్డదానికి కొన్ని గంటలు. కాబట్టి కెమెరా ఉందా లేదా అని కాదు, ఆ వీడియో ఎవరి దగ్గర ఉంది, వాళ్ళు ఎప్పుడు వదిలారు అని అడగాలి. మీరేమంటారు?

#2 ఓరుగల్లు_కుర్రాడు

అన్నా, తెనాలి వీడియో వైరల్ అయింది ఎమ్మెల్యే కొట్టినందుకు కాదు, ఓటరు తిరిగి కొట్టినందుకు. ఒక్కవైపు దెబ్బే అయితే జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్ల వార్త. అంతే.

#3 చింతచిగురు

ఓరుగల్లు తమ్ముడు చెప్పింది నిజమే, కానీ ఆ మాటలోనే నాకు ఇబ్బంది ఉంది. మనం ఆ సీను చూసి ఈలలు వేశాం. మీమ్స్ చేశాం, స్లో మోషన్‌లో తిప్పాం, వెనక సినిమా పాట పెట్టాం. ఆ తర్వాత అంతమంది కలిసి అతన్ని కొట్టిన ముక్కని మాత్రం చాలామంది కత్తిరించి పంపారు, ఎందుకంటే అక్కడ హీరోయిజం లేదు. ఎమ్మెల్యేకి చుట్టూ మనుషులున్నారు. ఆ ఓటరు మర్నాడు పాల ప్యాకెట్‌కి అదే వీధిలో వెళ్ళాలి. అతని ముఖం, పేరు, ఊరు అన్నీ బయట పెట్టింది ఎమ్మెల్యే మనుషులు కాదు, అతన్ని మెచ్చుకున్న మనమే.

#4 అట్లాంటా_అబ్బాయి

నేను ఇక్కడ కూర్చుని అన్నీ వాట్సాప్‌లోనే చూసేవాణ్ణి. మూడు గ్రూపుల్లో ఉన్నాను. ఒకటి కాలేజీ బ్యాచ్, ఒకటి ఈ పార్టీ ఎన్నారైలది, ఒకటి ఆ పార్టీ ఎన్నారైలది (బావమరిది చేర్చాడు, బయటికి వస్తే ఇంట్లో గొడవ). మాచర్ల వీడియో మొదటి రెండు గ్రూపుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా వస్తూనే ఉంది. మూడో దాంట్లో ఒక్కసారి కూడా రాలేదు! అక్కడ వేరే ఊళ్ళో వేరే గొడవ వీడియో నడుస్తోంది. ఒకే రోజు, ఒకే రాష్ట్రం.

వైసీపీ వాళ్ళు అప్పుడు అడిగిన ప్రశ్న కూడా న్యాయంగా ఇక్కడ పెట్టాలి. మాచర్ల నియోజకవర్గంలో ఏడు కేంద్రాల్లో యంత్రాలు దెబ్బతిన్నాయని ఎన్నికల సంఘమే చెప్పింది. అలాంటప్పుడు ఒక్క కేంద్రం వీడియోనే ఎలా బయటికి వచ్చింది, మిగతావి ఎక్కడ, అసలు ఈసీ ఫుటేజీ ఒక పార్టీ నాయకుడి ఖాతాలోకి ఎలా చేరింది అని. తాము విడుదల చేయలేదని అధికారులు అన్నారు. మరి ఎవరు చేసినట్టు?

#5 పీవో_మాస్టారు

నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని. ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను, ప్రిసైడింగ్ ఆఫీసరు (పీవో, పోలింగ్ కేంద్రం బాధ్యుడు) గానే ఎక్కువ. పాల్వాయి గేటులో పీవోను, సహాయ పీవోను ఈ విషయం సరిగ్గా చెప్పలేదని సస్పెండ్ చేశారు. వాళ్ళను వెనకేసుకు రావడం లేదు గానీ, లోపల ఏం జరుగుతుందో కొంచెం చెబుతాను.

ముందు రోజు సామాను తీసుకుని సాయంత్రానికి కేంద్రం చేరతాం. కెమెరా పెట్టడానికి ఒక కుర్రాడు వస్తాడు. గది మూలలో, పైన, ఓటు ఎవరికి వేస్తున్నారో కనపడకుండా, మా బల్లలూ గుమ్మమూ కనపడేలా బిగిస్తాడు. కరెంటు ఉందా, సిగ్నల్ ఉందా చూసుకుని, ఒక సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. అక్కడి నుంచి ఆ కెమెరాతో మాకు సంబంధం లేదు. అది ఏం చూస్తోందో మాకు తెలియదు, ఎవరు చూస్తున్నారో కూడా తెలియదు. జిల్లా కేంద్రంలో కంట్రోల్ రూమ్ ఉంటుంది, అక్కడ స్క్రీన్ల ముందు మనుషులు ఉంటారు. వెబ్ కాస్టింగ్ అంటేనే జరిగేది జరుగుతుండగా చూడటం. కాబట్టి పులిచింతల గారూ, మీ ఎనిమిది రోజుల లెక్క గ్రామంలో ఉన్న పీవో దగ్గర మొదలవ్వకూడదు, ఆ స్క్రీన్ దగ్గర మొదలవ్వాలి.

ఇక పీవో డైరీ. పోలింగ్‌కు ఆటంకం కలిగిందా, హింస జరిగిందా, యంత్రం మార్చారా అని అందులో రాయాలి. రాయడం ఎంత తేలికో ఒక్క ముచ్చట. ఒకసారి మా కేంద్రంలోకి మెడలో కండువాతో ఒక పెద్దమనిషి వచ్చి ఏజెంట్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బయటికి వెళ్ళమంటే "మీది ఏ ఊరు మాస్టారూ?" అన్నాడు. గట్టిగా కూడా కాదు, కుశలం అడిగినట్టే. సెక్టార్ ఆఫీసరుకు ఫోన్ చేసి పంపించాను, డైరీలో పేరుతో సహా రాశాను. రాత్రి సామాను అప్పజెప్పే కౌంటర్ దగ్గర ఒక అధికారి అది చదివి, "ఇది అవసరమా మాస్టారూ, రేపు మిమ్మల్నే తిప్పుతారు" అన్నాడు. అప్పుడు టైము పదకొండు దాటింది. పొద్దున నాలుగింటికి లేచిన మనిషిని. నా వెనక వంద మంది లైన్లో ఉన్నారు, అందరూ ఇంటికెళ్ళే బస్సు కోసం తొందరపడుతున్నవాళ్ళే. కొట్టేయలేదు, అలాగే ఉంచాను. కానీ నా వెనక నిలబడ్డ వాళ్ళందరూ ఉంచుతారని అనుకోవద్దు.

#6 పులిచింతల

మాస్టారూ, నమస్కారం. స్క్రీన్ దగ్గర మొదలవ్వాలి అన్నారు చూడండి, ఇన్నాళ్ళూ ఆ ముక్క ఏ టీవీ చర్చలోనూ వినలేదు.

#7 లాయర్_గుంటూరు

మాస్టారు చెప్పినదానికి కాగితాల వైపు నుంచి ఒక ముక్క కలుపుతాను. పాల్వాయి గేటు విషయంలో మొదట వెళ్ళిన ఫిర్యాదు వీఆర్వో ఇచ్చింది. అందులో ఉన్నది "గుర్తు తెలియని వ్యక్తులు" అని. 2009 నుంచి వరుసగా గెలుస్తూ వచ్చిన ఎమ్మెల్యే, సొంత నియోజకవర్గంలో, పట్టపగలు. గుర్తు తెలియదట. సోషల్ మీడియా చేసిన పని ఏదైనా ఉందంటే, ఆ కాగితం మీద ఆ మాట నిలబడకుండా చేయడం.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. హైకోర్టు కౌంటింగ్ అయ్యేదాకా అరెస్టు నుంచి రక్షణ ఇచ్చింది. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్తే, జూన్ 3న, ఇలాంటి ఊరట ఇవ్వడం వ్యవస్థను అపహాస్యం చేయడమేనని వ్యాఖ్యానించి, కౌంటింగ్ కేంద్రం వైపు వెళ్ళకూడదని ఆంక్ష పెట్టింది. 4న ఓడిపోయారు. 26న హైకోర్టు ముందస్తు బెయిల్ కొట్టేసింది, ఆ రోజే అరెస్టు. నెల్లూరు జైల్లో దాదాపు రెండు నెలలు, ఆగస్టులో బెయిల్.

ఒక్కటి గుర్తుంచుకోండి. వైరల్ కావడం వేరు, రుజువు కావడం వేరు. ఆ క్లిప్ చూసి మనం తీర్పు ఇచ్చేసుకున్నాం, కోర్టు అలా ఇవ్వదు.

#8 గోదారి_గట్టు

ఏంటి సార్, మొత్తం చర్చలో ఒక పార్టీ వాళ్ళే దొరికారా? 2015 జులైలో ముసునూరు తహసీల్దార్ మీద ఇసుక దగ్గర దాడి జరిగిన సంగతి ఎవరికీ గుర్తు లేదా? ఆరోపణ ఎవరి మీద? దెందులూరు టీడీపీ ఎమ్మెల్యే చింతమనేని ప్రభాకర్ మీద. ఆ దృశ్యాలు టీవీల్లో, ఫేస్‌బుక్‌లో రోజుల తరబడి తిరిగాయి. రెవెన్యూ ఉద్యోగులు రోడ్డెక్కారు. ఏమైంది? 2019లో ఓడిపోయారు, అది జగన్ గాలి. 2024లో మళ్ళీ అక్కడే గెలిచారు. వీడియో ఓటు మారుస్తుందని కలలు కనకండి.

#9 ఓరుగల్లు_కుర్రాడు

మాస్టారు మాట్లాడుతుంటే పార్టీ గోల ఎందుకు తీసుకొచ్చారు బ్రదర్

#10 నిర్వాహకుడు

గోదారి గారు అడిగింది చర్చలోని విషయమే. ఏ పార్టీ ఉదాహరణ అయినా రాయండి, రికార్డులో ఉన్నదే రాయండి. తీర్పు రాని కేసుల్లో "ఆరోపణ" అనే రాయండి. మామూలు మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి ఫొటోలు పెడితే తీసేస్తాం. తెనాలి ఓటరు పేరుతో వచ్చిన రెండు పోస్టులు ఇప్పటికే తీసేశాం.

#11 చింతచిగురు

ధన్యవాదాలు నిర్వాహకుడు గారూ, ఆ రెండు పోస్టుల విషయంలో.

గోదారి గారూ, ఓటు మారకపోవచ్చు గానీ కొన్ని చోట్ల పని జరిగింది కదా. 2017 జూన్‌లో విశాఖ ఎయిర్‌పోర్టులో అప్పటి అనంతపురం టీడీపీ ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి కౌంటర్ దగ్గర ప్రింటర్ తోసేసిన సీసీటీవీ దృశ్యాలు బయటికి వచ్చాక, విమాన సంస్థలు వరసపెట్టి ఆయనకు టికెట్ ఇవ్వమన్నాయి. అంతకు మూడు నెలల ముందే శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్‌కు కూడా అదే జరిగింది. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో ఛత్తీస్‌గఢ్ సూరజ్‌పూర్ కలెక్టర్ ఒక కుర్రాడి ఫోన్ నేలకేసి కొట్టి, చెంప మీద కొట్టిన వీడియో వచ్చింది. మర్నాడే ఆయన్ని ఆ పోస్టు నుంచి తీసేశారు.

తేడా ఎక్కడుందంటే, టికెట్ ఆపడానికీ, కలెక్టర్ని బదిలీ చేయడానికీ ఒక్కరు నిర్ణయం తీసుకుంటే చాలు. ఎమ్మెల్యే విషయంలో ఆ ఒక్కరు లేరు. పార్టీకి అతను కావాలి, పోలీసులకు అతనితో పని పడుతుంది, ఊరికి అతనితో అవసరం ఉంటుంది.

#12 ఓరుగల్లు_కుర్రాడు

కలెక్టర్లనీ అంత తేలిగ్గా అనకండి అక్కా. 2021 జూన్‌లో సిద్దిపేట కలెక్టర్ వెంకట్రామిరెడ్డి కొత్త కలెక్టరేట్ ప్రారంభం రోజు కేసీఆర్ కాళ్ళకు మొక్కారు. వీడియో మామూలుగా తిరగలేదు, తిట్టనివాడు లేడు. ఫాదర్స్ డే, తండ్రి లాంటి మనిషి అని సంజాయిషీ చెప్పారు. నవంబరులో కొలువుకు రాజీనామా, అదే నెలలో టీఆర్ఎస్ ఎమ్మెల్సీ. వీడియో ఆయనకు బయోడేటాలా పనికొచ్చింది 😀

#13 అట్లాంటా_అబ్బాయి

😀😀 ఇది బాగుంది.

ఒక సీరియస్ డౌట్. వీడియో అసలుదో కాదో తేలకపోతే? 2022 ఆగస్టులో అప్పటి హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్‌ది అంటూ ఒక వీడియో తిరిగింది. ఆయన మార్ఫింగ్ అన్నారు. అనంతపురం ఎస్పీ ఏమన్నారంటే, తిరుగుతున్నది అసలు వీడియో కాదు, ఒక ఫోన్‌లో ఆడుతున్న వీడియోని ఇంకో ఫోన్‌తో తీసింది, ఒరిజినల్ దొరికితే గానీ నిజమో కాదో చెప్పలేం అని. మళ్ళీ దాని మీద అమెరికా ల్యాబ్ రిపోర్టు అని ఒకరు, అది దిద్దిన రిపోర్టు అని ఇంకొకరు. మా ఎన్నారై గ్రూపుల్లో అందరూ రాత్రికి రాత్రే ఫోరెన్సిక్ నిపుణులైపోయారు. చివరికి ఏమీ తేలలేదు. ఇప్పుడు ఏఐ వచ్చాక ఇంకెలా ఉంటుందో.

#14 లాయర్_గుంటూరు

ఆ ఎస్పీ చెప్పిన మాట చట్టం దృష్టిలో సరైనదే. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టుకు రావాలంటే సర్టిఫికెట్ ఉండాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్. ఏ పరికరంలో రికార్డయింది, అది ఎవరి అధీనంలో ఉంది, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేతం) ఎంత, ఇవన్నీ రాసి సంతకం పెట్టాలి. ఫార్వర్డ్ అయి వచ్చిన క్లిప్‌కి ఆ సంతకం ఎవరు పెడతారు?

దీని మీద సుప్రీంకోర్టు పెద్ద తీర్పు వచ్చింది కూడా ఎన్నికల వీడియో గొడవలోనే. మహారాష్ట్రలోని జాల్నా, 2014 అసెంబ్లీ ఎన్నిక. నామినేషన్ గడువు మధ్యాహ్నం 3 గంటలు. గెలిచిన అర్జున్ ఖోత్కర్ గడువు దాటాక పత్రాలు ఇచ్చారని ఓడిపోయిన అభ్యర్థి ఆరోపణ. రిటర్నింగ్ ఆఫీసర్ గదిలో సర్కారు వాళ్ళే పెట్టిన కెమెరాలో అంతా ఉంది. సీడీలు ఇచ్చారు గానీ, సర్టిఫికెట్ ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఎన్నిక చెల్లదని హైకోర్టు చెప్పింది, 2020 జులైలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. సర్టిఫికెట్ తప్పనిసరే, కానీ ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు, తన ప్రయత్నం తాను చేసినవాడిని దానికి శిక్షించకూడదు అని సారాంశం. పులిచింతల గారి మొదటి ప్రశ్న, వీడియో ఎవరి చేతిలో ఉంది అన్నది, అక్షరాలా ఆ కేసే.

#15 గోదారి_గట్టు

సరే, ఇది తెలియదు నాకు. మంచి సమాచారం.

అయితే ఇంకోటి చెప్పండి. వీడియో పెట్టినవాడి సంగతేంటి? 2020 మేలో ఎల్‌జీ పాలిమర్స్ ప్రమాదం మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిందని గుంటూరులో ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు. అప్పుడు టీడీపీ వాళ్ళు గోల చేశారు. 2024 నవంబరులో వైసీపీ సోషల్ మీడియా వాళ్ళను వరసగా ఎత్తుకొచ్చారు. అప్పుడు వైసీపీ వాళ్ళు గోల చేశారు. అందులో బూతులు రాసినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ బూతు రాసినవాడికీ, ప్రశ్న అడిగినవాడికీ ఒకే జీపు.

#16 ఓరుగల్లు_కుర్రాడు

మా దగ్గర కూడా. 2025 మార్చిలో సీఎం రేవంత్ రెడ్డిని ఒకతను తిడుతూ మాట్లాడిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారకముందే పట్టుకుపోయారు. కొన్ని రోజులకు బెయిల్ వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరికీ సోషల్ మీడియానే దిక్కు, కుర్చీ ఎక్కగానే అదే శత్రువు.

#17 పీవో_మాస్టారు

మామూలు మనిషి పేరు బయటపడకుండా ఫిర్యాదు చేయడానికి ఎన్నికల సంఘానికే ఒక యాప్ ఉంది, సీ-విజిల్. 2018 నుంచి నడుస్తోంది. ఫొటో గానీ వీడియో గానీ యాప్‌లోంచే తీయాలి, గ్యాలరీలోంచి ఎక్కించనివ్వదు. ఎక్కడ తీశారో అదే పట్టుకుంటుంది. వంద నిమిషాల్లో తేల్చాలని నియమం. డబ్బు, మందు పంపిణీ లాంటివాటికి పనికొస్తుంది. కానీ పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ఓటరు ఫోన్ వాడకూడదు. అంటే లోపల అరాచకం జరిగితే సాక్ష్యం తీసే హక్కు ఓటరుకు లేదు, ఆ మూలనున్న కెమెరా ఒక్కటే. అందుకే దాని ఫుటేజీ ఎవరికి ఇస్తారన్నది అంత పెద్ద విషయం.

#18 లాయర్_గుంటూరు

అక్కడికే వస్తున్నాను మాస్టారూ. ఎవరికీ ఇవ్వకుండా చేశారు, దాదాపు. 2024 డిసెంబరులో ఎన్నికల నిర్వహణ నియమాల్లో 93వ నిబంధన మార్చారు. అంతకు ముందు "ఎన్నికకు సంబంధించిన ఇతర పత్రాలన్నీ" జనం చూడటానికి వీలుండేది. ఇప్పుడు ఆ నియమాల్లో పేర్కొన్న పత్రాలు మాత్రమే. సీసీటీవీ, వెబ్ కాస్టింగ్ అందులో లేవు. హర్యానా పోలింగ్ వీడియోలు ఒక పిటిషనర్‌కు ఇవ్వమని పంజాబ్-హర్యానా హైకోర్టు చెప్పిన కొద్ది రోజులకే ఈ సవరణ వచ్చింది. ఓటర్ల గోప్యత, ఏఐతో దుర్వినియోగం అని కారణం చెప్పారు. చింతచిగురు గారు తెనాలి ఓటరు గురించి రాసింది చూశాక గోప్యత మాటని నేను పూర్తిగా కొట్టిపారేయను. కానీ ఓటరు ముఖం మసక చేసి ఇవ్వొచ్చు, మొత్తం తలుపు వేసేయక్కర్లేదు.

2025 మే 30న ఇంకో ఆదేశం. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు ఎన్నికల పిటిషన్ (ఎన్నిక చెల్లదంటూ హైకోర్టులో వేసేది) పడకపోతే ఫుటేజీ చెరిపేయొచ్చు. పిటిషన్ వేయడానికి గడువు కూడా 45 రోజులే, కాబట్టి ఆ లెక్క అక్కడ నుంచి వచ్చింది.

#19 పులిచింతల

అంటే ఇప్పుడు మాచర్ల లాంటిది జరిగి, లోపలివాళ్ళు ఎవరూ లీక్ చేయకపోతే, 45 రోజుల తర్వాత అది జరగనట్టే?

#20 లాయర్_గుంటూరు

పిటిషన్ ఎవరూ వేయకపోతే ఆ ఫుటేజీ ఉండాలన్న నియమం లేదు. అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా వేయొచ్చు. కానీ హైకోర్టు దాకా వెళ్ళే ఓటర్లు ఎంతమంది?

#21 చింతచిగురు

ఓరుగల్లు తమ్ముడు తిరిగి కొట్టాడు కాబట్టి వైరల్ అన్నాడు, మాచర్ల మాత్రం ఎవరో లీక్ చేశారు కాబట్టి వచ్చింది. రెండూ అదృష్టం మీద ఆధారపడ్డవే. మిగతా ఆరు కేంద్రాల్లో ఏం జరిగిందో మనకు ఇప్పటికీ తెలియదు, దాని మీద మనం ఎవ్వరం మీమ్స్ చేయలేదు.

#22 రాజుపాలెం_రాము

చాలా రోజులుగా చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. లాయర్ గారూ, మా ఊళ్ళో ఒక వార్డు స్థాయి నాయకుడు పెన్షన్ ఇప్పిస్తానని ముసలావిడ దగ్గర డబ్బు తీసుకుంటుంటే మా తమ్ముడు వీడియో తీశాడు. ఇంకా ఎక్కడా పెట్టలేదు. గ్రూపులో వేయమంటున్నారు అందరూ. ఏం చేయాలి?

#23 లాయర్_గుంటూరు

రాము గారూ, గ్రూపులో వేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు పోతాయి. ఎవరికైనా పంపాల్సి వస్తే డాక్యుమెంట్ రూపంలో పంపండి. ఒరిజినల్ ఫోన్‌లోనే ఉండనివ్వండి, కత్తిరించకండి, పేరు మార్చకండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ముసలావిడని అడగండి, ఆవిడ ముఖం బయట పడటం ఆవిడకు ఇష్టమేనా అని. ఇష్టమైతే ఆవిడ పేరుతోనే ఏసీబీకి గానీ కలెక్టరేట్ ఫిర్యాదుల కౌంటర్‌లో గానీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ తర్వాత కూడా కదలకపోతే అప్పుడు ఎక్స్ గురించి మాట్లాడుకుందాం.

#24 రాజుపాలెం_రాము

సరేనండి. తమ్ముడు ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది కొందామని చూస్తున్నాడు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపుతాను.